పదకొండు రెట్లు

ఆ సోమవారం డెలియా హుడాక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కౌంటీ ఆఫీసుకు వెళ్లి నివేదికలో మిగిలిన ఆఖరి పట్టిక నింపాలి. అమ్మమ్మ కట్టిచ్చిన రొట్టె తినాలి. మధ్యాహ్నం బస్సుకు కాలేజీకి వెళ్లిపోవాలి. ఈస్టర్‌కి ఇంకా ఆరు రోజులున్నాయి. ఎవరి జోలికీ పోని పథకం.

మత్తుమందుల మహమ్మారిని స్థానిక ప్రభుత్వాలు ఎలా ఎదుర్కొన్నాయి అన్నది ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ విషయం. పెన్సిల్వేనియా కొండల్లోని తన సొంత ఊరు కార్వర్స్ రన్ ఎలా ఎదుర్కొందో మూడు నెలలు ఫైళ్లు తిరగేసి కనిపెట్టింది. ఎదుర్కోలేదు. మూడేళ్లుగా కౌంటీ ప్రతి సమావేశం మినిట్స్‌లోనూ ఒకటే వాక్యం: "చర్చించి, వచ్చే సమావేశానికి వాయిదా వేయడమైనది."

మోతాదు మించి మత్తుమందు పడి ఊపిరి ఆగిపోతున్నవాణ్ణి లేపే ముక్కు స్ప్రేలను రాష్ట్రం వాళ్లు ఎప్పుడో ఉచితంగా పంపారు. వాటిని ఊళ్లో మూడు చోట్ల పెట్టెల్లో పెట్టి తగిలించాలా వద్దా అన్నదే ఆ వాయిదాల సంగతి. ఈలోపు ఆ అట్టపెట్టెలు డెలియా బల్ల కింద కాళ్లు పెట్టుకునే పీటల్లా పడి ఉన్నాయి. తను మాత్రం ఒక్కరోజు కూడా వాటిమీద కాళ్లు పెట్టలేదు. రెండేళ్ల కిందట పెద్దమ్మ కొడుకు నిక్ లాండ్రీ షాపు బాత్రూములో పడిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికి ఇరవైరెండు నిమిషాలు పట్టింది, నిక్ దక్కలేదు. అప్పటికే ఈ పెట్టెలు ఈ గదిలోనే ఉన్నాయి. ఇక్కణ్ణించి లాండ్రీకి నడిస్తే నాలుగు నిమిషాలు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా డెలియాకి ఏడుపుకన్నా ముందు కోపం వచ్చేది.

రొట్టె పొట్లం విప్పుతుండగా ప్రయోగశాల నుంచి మెయిల్ వచ్చింది. ప్రతి సోమవారం ఊరి మురుగునీటి నమూనా తీసి పంపడం, అందులో మత్తుమందు ఆనవాళ్లు ఎన్నున్నాయో వాళ్లు లెక్కగట్టి చెప్పడం ఆమె పరిశోధనలో భాగం. చదివింది. చేతిలో రొట్టె బల్లమీద పడింది. చర్చి వీధి గొట్టంలో మార్ఫిన్ గత వారం కన్నా పదకొండు రెట్లు.

వెంటనే మురుగునీటి కేంద్రం చూసుకునే ఓటిస్‌కి ఫోన్ చేసింది. "అంకుల్, సీసాలేమైనా తారుమారయ్యాయా?"

"మురుగు తారుమారు చేస్తే నాకేం వస్తుంది చిన్నమ్మాయ్? ఆ వీధిది ఆ వీధిదే."

ప్రొఫెసర్‌కి చూపిద్దామని డెలియా ఆ కాగితం ప్రింట్ కొట్టింది. కొట్టాక గానీ గుర్తుకు రాలేదు, ఆఫీసుకంతా ఉన్నది ఒక్కటే ప్రింటరు, అదీ ఛైర్మన్ గదిలో. పరుగెత్తింది. అప్పటికే కాగితం ఛైర్మన్ రసెల్ యానోసిక్ చేతుల్లో ఉంది. "మన ఊళ్లో అలాంటివి లేవమ్మాయ్" అన్న మాటతో మూడుసార్లు ఎన్నికైన మనిషి.

"పదకొండు రెట్లా? ఏ వీధి?"

"చర్చి వీధి సార్. కానీ ఒక్క నమూనా చూసి ఏదీ చెప్పలేం. ఇంకోసారి..."

"చర్చి వీధా! నేనుండేది అక్కడేగా!" ఛైర్మన్ కుర్చీలో కూలబడ్డాడు.

తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తా లొరేన్, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, తన చెల్లెలికి ఒక్కదానికే ఫోన్ చేసి చెప్పింది. పదకొండు రెట్లు మంగలి షాపు చేరేసరికి పదకొండు ఇళ్లయ్యాయి. పెట్రోలు బంకు దగ్గర పదకొండుమంది ముఠా అయింది. సాయంత్రానికి పదకొండు లారీలు ఊళ్లో దిగాయి, వాటి నంబర్లు కూడా ఎవరో చూశారు. అరగంటకో పిల్లాడు ఇంట్లోకి వెళ్లి వస్తున్నాడని చర్చి వీధి పియానో టీచరు మీద నలుగురు ఫిర్యాదు చేశారు. వాళ్లలో ఇద్దరి పిల్లలు ఆవిడ దగ్గరే పియానో నేర్చుకుంటున్నారు.

మంగళవారం అత్యవసర సమావేశానికి హాలు చాలలేదు. చర్చి వంటశాలలో రెండు వారాలుగా ఈస్టర్ రొట్టెలు చేయిస్తున్న డెలియా అమ్మమ్మ అన్నా, మోచేతులదాకా పిండితోనే వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఊళ్లో సగంమందికి చిన్నప్పుడు బైబిలు కథలు చెప్పింది ఆవిడే. ఛైర్మన్‌క్కూడా.

"ఒరేయ్ రసెల్, నసపెట్టకుండా పెట్టెలు తగిలించరా! మూడేళ్లనుంచీ దేనికోసం చూస్తున్నావు, మంచి ముహూర్తం కోసమా?"

మూడేళ్లు వాయిదా పడ్డ తీర్మానం నాలుగు నిమిషాల్లో నెగ్గింది. లాండ్రీలో ఒకటి, లైబ్రరీలో ఒకటి, చర్చి హాల్లో ఒకటి, ఒక్కోదాంట్లో పన్నెండు స్ప్రేలు. సాయంత్రానికల్లా ఓటిస్ మేకులు కొట్టేశాడు. లాండ్రీ గోడమీద ఆ ఎర్ర పెట్టెను చూసి డెలియా అక్కడే నిలబడి ఏడ్చింది. అయినా మనసులో ఏదో పీకుతూనే ఉంది. ఇంకో నమూనా తీసేదాకా ఆగమని అడిగిన ప్రతివాడూ, "ఆగింది చాలమ్మా" అన్నాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊపుమీదున్న ఛైర్మన్ రెండో తీర్మానం కూడా పెట్టాడు. "కౌంటీ ఉద్యోగులందరికీ పండగ మర్నాడు మూత్ర పరీక్ష! మత్తు ఉందని తేలితే ఆ క్షణమే ఉద్యోగం పోతుంది! ముందు నేనే చేయించుకుంటా!" చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

పండగ బ్రహ్మాండంగా జరిగింది. ఊరు ఊరంతా అన్నా రొట్టెలు కడుపునిండా తిన్నది. లోపల నల్లటి తీపి ముద్ద పరిచి, చాపలా చుట్టి కాల్చిన రొట్టెలు. ఒక్కటి తిని ఊరుకున్నవాళ్లు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు.

మర్నాడు పొద్దున నర్సు, అక్కడికక్కడే ఫలితం చూపే ప్లాస్టిక్ కప్పులతో వచ్చింది. లొరేన్ కప్పు చూసి నర్సు కనుబొమ్మలు ముడిచింది. రోడ్ల మేస్త్రీ కప్పు చూసి కళ్లద్దాలు తుడుచుకుంది. ఛైర్మన్ కప్పు దగ్గరికొచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మార్ఫిన్. అందరికీ."

 లొరేన్ గుండెమీద చెయ్యి వేసుకుంది. "నాకా? నేను దగ్గుమందు కూడా సగం చెంచానే తాగుతాను!"

ఓటిస్ గనిలో నడుం విరిగాక నొప్పి మాత్రలకు బానిసై, వాటిలోంచి బయటపడి పద్నాలుగేళ్లయిన మనిషి. జేబులోంచి మురుగునీటి కేంద్రం తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. 

"పద్నాలుగేళ్లు చిన్నమ్మాయ్. ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు. నువ్వైనా నమ్ముతావా?"

ఛైర్మన్ బల్ల గుద్దాడు. "ఈ ఊరికి ఈ విషం పెడుతున్నదెవరు? చెప్పండి, ఎవరు?" అలా గర్జిస్తున్న ఆయన నోట్లోకే చూస్తోంది డెలియా. ముందుపళ్ల సందులో నల్లగా, ఆవగింజలో సగం కూడా లేని గింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

గసగసాల గింజ. వాళ్ల రొట్టెల్లో వేసేది నల్లరకం.

డెలియా ఛైర్మన్ నోటినుంచి చూపు తిప్పి బల్లమీది తాళాల వంక చూసింది. నోరు విప్పితే లాండ్రీలో పెట్టె దిగిపోతుంది, ఆ సంగతి ఛైర్మన్ తెలిసిన ఎవరికైనా తెలుసు. విప్పకపోతే ఆ తాళాలు బల్లమీదే ఉండిపోతాయి. ఓటిస్ ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"సార్, పొద్దున ఏం తిన్నారు?"

"ఇప్పుడు నా టిఫిను గొడవెందుకు? మీ అమ్మమ్మ రొట్టె తిన్నాను. అందరం అదేగా తిన్నాం!"

"అందులో గసగసాలున్నాయి సార్. నల్లమందు మొక్క గింజలే అవి. ఎక్కువ తింటే పరీక్షలో ఇలాగే వస్తుంది." నర్సు నుదురు కొట్టుకుంది. డెలియా అమ్మమ్మకు ఫోన్ కలిపి అందరికీ వినిపించేట్టు పెట్టింది. "అమ్మమ్మా, చర్చిలో గసగసాలు కడుగుతారా?"

"ఏం పిచ్చి ప్రశ్నే? కడక్కుండా నూరతారా? బస్తాలకి బస్తాలు నానబెట్టి కడిగాం, రెండు వారాలు!"

"కడిగిన నీళ్లేం చేశారు?"

"నెత్తిన పోసుకున్నాం! తూములో పోశామే, ఇంకేం చేస్తాం!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. లొరేన్ నవ్వుతూనే ఏడ్చింది. నర్సు తీర్పు చెప్పినట్టు చెప్పింది: పెద్ద ప్రయోగశాల తేల్చేదాకా ఎవరి ఉద్యోగమూ పోదు. డెలియా తాళాలు తీసి ఓటిస్ చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

ఛైర్మన్‌కి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. "అయితే మన ఊళ్లో అలాంటివి లేవన్నమాట! నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను! ఓటిస్, ఆ పెట్టెలు పీకి పట్టుకురా. సంగతి వచ్చే సమావేశంలో చూద్దాం."

గంటలో మూడు ఎర్ర పెట్టెలూ బల్లమీదికొచ్చాయి. ఈలోగా అన్నా కూడా వచ్చి కూర్చుంది. లైబ్రరీ పెట్టె తెరిస్తే తొమ్మిదే ఉన్నాయి. చర్చి పెట్టెలో పది.

"చర్చి పెట్టెలో తగ్గిన రెండూ నేనే తీశాను," అంది అన్నా. "వంటశాలలో ఒకటి, నా చేతిసంచిలో ఒకటి. పొయ్యి దగ్గర నీళ్ల బకెట్ పెట్టుకోమా, ఇదీ అంతే. మిగతావాటి సంగతి నాకు తెలీదు."

ఓటిస్ లాండ్రీ పెట్టె తెరిచాడు. ఖాళీ.

"దొంగతనం!" అన్నాడు ఛైర్మన్.

"ఉచితం అని పెద్దక్షరాలతో మీరే రాయించారు సార్," అంది డెలియా.

పెట్టె అడుగున లాండ్రీ రసీదు ఒకటి మడతపెట్టి ఉంది. డెలియా తీసింది. వెనక పెన్సిలుతో, హడావిడి చేతిరాతలో రెండు ముక్కలున్నాయి.  కాగితం ఛైర్మన్ ముందు పెట్టింది. ఆయన ఒకసారి మనసులో చదువుకుని, తర్వాత పైకి చదివాడు.

"రెండు పట్టాయి. లేచాడు."

  ఎవరు ఎవర్ని లేపారో, మిగతా పదీ ఎవరింట్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆరు రోజులు. నాలుగు నిమిషాల దూరం. ఛైర్మన్ ఆ ఖాళీ పెట్టెలో చెయ్యిపెట్టి, మూలలదాకా తడిమి చూశాడు.

"ఇంకా ఉన్నాయా అమ్మాయ్, ఆ అట్టపెట్టెల్లో?"

"ఉన్నాయి సార్."

"నింపండి. లాండ్రీలో రెండు పెట్టెలు పెట్టండి." ఆయన గొంతు తగ్గిపోయింది. "ఓటిస్, ఈసారి మేకులు కాదు, మరలు బిగించు."

లొరేన్ మినిట్స్ రాసింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గసగసాలు కడిగిన నీళ్లు ఎక్కడ పోయాలన్న అంశాన్ని మాత్రం చర్చించి, వచ్చే సమావేశానికి వాయిదా వేయడమైనది.