ఎద్దు మెడలో మతం

సకల ప్రజలకు తెలియజేయడమేమనగా: ఎద్దు మెడలోని గంట మతవిషయమని బోధన్‌లో ఈ మాఘమాసాన ధ్రువపడినది. అంతకుముందు అది గంట మాత్రమే.

ఈ సత్యం మొట్టమొదట తెలిసిన భాగ్యశాలి మోస్రా రైతు ఎర్రన్న. చెరకు బండి తోలుకొని చక్కెర కార్ఖానాకు పోతున్నాడు. వెనుక బండి చాంద్ సాబుది. అందులోనూ చెరకే, ఆ ఎడ్లకూ గంటలే. ఇద్దరి పొలాలకూ గట్టు ఒక్కటే. మసీదు మలుపులో దీన్ రక్షణ పక్షం అధ్యక్షుడు, వకీలు ఖుద్రతుల్లా సాహెబు బండ్లను నిలిపివేశాడు.

"నమాజు వేళ బాజా కూడదు. గంట కూడా బాజాయే. విప్పండి!"

ఎర్రన్న ఎడ్ల మెడలోని గంటల పట్టెడ మీద చెయ్యి వేశాడు. ఆ చేతిని ధర్మ రక్షణ పక్షం అధ్యక్షుడు ఆత్మారాం పంతులు వచ్చి పట్టుకున్నాడు.

"ఎద్దు నందీశ్వరుడు! గంట విప్పితే ధర్మం విప్పినట్టే!"

"గట్లయితె బండి ఎట్ల పోవాలె పంతులూ? కోసిన చెరకు ఎండుతది."

"ధర్మం ఎండుతుంటే నీకు చెరకు గోలా?"

"నా ఎడ్లకు గూడ గంటలే ఉన్నయి సాబ్. గవి గూడ దీన్ తప్పినయా?" అని వెనుకనుంచి చాంద్ సాబు అడిగాడు. వకీలు సాహెబు గడియారం తీసి నమాజు వేళ చూచుకున్నాడు.

ఓట్లు లేని రాజ్యంలో ఇటువంటి పక్షాలు ఎట్లా వర్ధిల్లుతున్నవని కొందరు అమాయకులు అడుగుతారు. ఓట్లు లేవు కనుకనే అవి ఎన్నడూ ఓడిపోవు.

తహసీల్దారు వేంచేశాడు. సర్కారుకు రెండు మతాలూ రెండు కళ్ళు. ఒకటి తెరిస్తే రెండోది నొచ్చుకుంటుంది కనుక, రెండూ మూసుకొని తీర్పు వినిపించాడు: "గంటలున్న బండి కదలరాదు. గంటలు విప్పిన బండి కదలరాదు. ఈ నిబంధనలకు లోబడి రస్తా అందరికీ సమానంగా తెరిచే ఉన్నది."

ఇంతటి నిష్పక్షపాతానికి ఉభయ పక్షాలూ చప్పట్లు కొట్టాయి. బండ్లు బారులు తీరాయి. చెరకు గడల కోసిన కొసలు ఎర్రబారాయి.

సద్ది తెచ్చిన ఎర్రన్న భార్య రేణుకమ్మ ఆ బారులను చూచి నివ్వెరపోయింది. "ఏంది గీ తమాష? గంటలల్ల గడ్డి కుక్కుండ్రి. కట్టినట్టే ఉంటది, మోగకుంట ఉంటది. గిదానికి ఇంత మంది పెద్దమనుషులా?"

అట్లే కుక్కారు. గంటలు మూగబోయాయి. బండ్లు కదలబోయాయి.

అప్పుడు జరిగినది చరిత్రలో అపూర్వం. ఉభయ నాయకులూ ఒకే వేదిక ఎక్కారు. గడ్డి కుక్కడం గంటకు అపచారమని పంతులు గర్జించాడు. మోగకున్నా మోగవలెనన్న తలంపు దానిలో ఉన్నదని వకీలు సాహెబు నిరూపించాడు. వారి సఖ్యతకు తహసీల్దారు కన్నీరు తుడుచుకొని, ఇద్దరికీ చక్కెర పానకం ఇప్పించి, గడ్డిని జప్తు చేయించాడు.

తగాదా చల్లారి బండ్లు సాగేనాటికి కార్ఖానా గుమాస్తా గడను విరిచి చూచి, "ఇది చెరకా, పొయ్యిల కట్టెనా?" అని వెనక్కు పంపాడు. చెరకు డబ్బు చేతికి రాక ఎర్రన్న ఎడ్లను అంగట్లో అమ్ముకున్నాడు. చాంద్ సాబూ అమ్ముకున్నాడు. కొన్నవాడు గంటలు మాత్రం వద్దన్నాడు. తగాదా గంటలు తనకెందుకన్నాడు.

ఆ సాయంకాలమే రస్తాకు ఒక పక్క ఒక విజయోత్సవం, మరో పక్క మరో విజయోత్సవం. ఎర్రన్న రుమాలు చుట్టుకున్నాడు.

"ఎటు వోతున్నవ్? చెరకు వాయె, ఎడ్లు వాయె," అన్నది రేణుకమ్మ.

"మనం గెల్సినమంటనే!"

అవతలి పక్క చాంద్ సాబు తన గంటలను నేలకేసి కొట్టి జయజయధ్వానం చేశాడు. ఇవతలి పక్క "గంట కట్టే మెడ ఏది?" అని పంతులు గర్జించగా, ఎర్రన్న తన ఎడ్ల పట్టెడను తన మెడకే కట్టుకొని ముందు వరుసలో నిలిచాడు. సభ పరవశించింది.

బోధన్‌లో ఇప్పుడు ఎడ్లకు కొరత. మెడలకు లేదు. నవ్వబోయే పాఠక మహాశయులు ముందుగా ఒకసారి తల ఆడించి, చప్పుడేమైనా వినవచ్చునేమో చూచుకోగలరు.