వంకాయ ఉన్నది చూడ్డానికే!

వంకాయను వండుకు తినేవాడు మొరటు మనిషి! కోపం తెచ్చుకోకండి, నిజమే చెబుతున్నాను. దేవుడు దానికి ఆ నిగనిగ ఇచ్చింది మూకుట్లో వేసి మాడ్చడానికా?

మా ఇంటి ముందు గులాబీలు పీకించి వంగ, మిరప, టొమాటో వేయించాం. 'ఎడిబుల్ గార్డెన్' అంటారట, అంటే తినే తోట. డిజైనర్ వచ్చి, ఊదా పక్కన ఎరుపు, ఎరుపు పక్కన ఆకుపచ్చ అంటూ దగ్గరుండి నాటించాడు. మా గేటు దగ్గర ఆగి ఫొటో తీసుకోనివాడు లేడు. కోసుకు తినొచ్చుగా అని ఎవరైనా అంటే మా ఆవిడా నేనూ జాలిగా నవ్వుతాం. తినేస్తే రేపు ఫొటోలో ఏముంటుంది? కూరకు మార్కెట్ లేదూ? అక్కడి వడిలిన వంకాయలు తింటూ, కిటికీలోంచి మా నవనవలాడే వంకాయల్ని చూసుకుంటాం. ఎంత సంస్కారం!

ఆ సంస్కారం మా తోటమాలికి అబ్బలేదు.

"బాబుగారూ, ముదిరిపోతున్నాయండీ. కాయ కోస్తేనే మొక్క మళ్ళీ కాస్తుంది. మీకొద్దంటే మా ఇంటికి నాలుగు పట్టుకెళ్తాను" అన్నాడు.

ఎంత ఆశ! నాలుగు కాయలు పోతే ఊదా రంగు పలచబడదూ? వద్దన్నాను.

నెల తిరిగేసరికి కాయలు పసుపెక్కాయి, మొక్కలు పూత మానేశాయి. అచ్చం అతను చెప్పినట్టే జరిగింది. అలా నాలుక మీద మచ్చ ఉన్నవాణ్ణి ఎవరైనా పనిలో ఉంచుకుంటారా? పని రాదని పంపేశాను. "ముగ్గురు పిల్లలండీ" అన్నాడు. డిజైనర్ గీసిన ప్లానులో పిల్లలెక్కడా లేరు మరి!

నిన్న పక్కింటి గోడ అవతలి నుంచి అతనే పిలిచాడు. అక్కడ పనికి కుదిరాడట. ఆ ఇంట్లోవాళ్ళు రెండ్రోజులకోసారి కోసుకు తింటారట, మొక్కలు విరగకాస్తున్నాయట. అనాగరికులు!

"ఇంకా కొనుక్కునే తింటున్నారా బాబుగారూ? ఇవి తీసుకోండి. ఈ ఇంటి అమ్మగారు మీకిమ్మన్నారు" అంటూ ఆరు లేత వంకాయలు అందించాడు.

సిగ్గేసింది. తల ఎత్తకుండా అందుకుని లోపలికొచ్చాను. మా ఆవిడ వాటిని చేతిలోకి తీసుకుని, "ఎంత బావున్నాయో! వండేద్దామండీ" అంది.

తోటను ఫొటోలు తీయడానికి సాయంత్రం ఫొటోగ్రాఫర్ వస్తున్నాడని నేనే గుర్తుచేశాను.

ఆరింటినీ దారంతో మొక్కలకు కట్టాం. ముడులు కనబడకుండా కట్టడానికి గంట పట్టింది. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. తోటమాలి గోడ మీంచి తొంగి చూస్తాడేమోనని మాత్రం ఇవాళంతా కిటికీ తెరవలేదు.