మూడోసారి అడిగిన పాపానికి

ఆ శనివారం పొద్దున వెర్లిన్ పెట్టుకున్న పని చిన్నదే. గ్యారేజీ మూలన పడున్న చేపల గుడారాన్ని వాకిట్లోకి లాగి, ఆరబెట్టి, మడిచి అటకెక్కించాలి. మా ఊళ్ళో చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద ఈ గుడారం వేసుకుని, లోపల బకెట్ మీద కూర్చుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పడతారు. మార్చిలో సరస్సు మీద మంచు పలచబడుతోందని కంగారుగా తడిగుడారాన్నే చుట్టి తెచ్చి పడేశాడు. అప్పటినుంచి జూన్ దాకా దాని మొహం చూడలేదు.

ఇవాళ చూడక తప్పదు. మర్నాడే కూతురు బ్రిట్టా హైస్కూలు చదువు ముగించిన విందు. మా ఊళ్ళో ఆ విందు గ్యారేజీలోనే జరగాలి. వెర్లిన్ భార్య ఆర్లిస్ ఎనభై మందిని పిలిచింది. తోటికోడలు వానెట్టా గ్యారేజీలో విందు జరిగి రెండేళ్ళయినా ఊరు ఇంకా చెప్పుకుంటోంది, ఆర్లిస్‌కి అదొక ముల్లు.

గుడారం విప్పాడో లేదో, పక్కింటి గేలార్డ్ కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"ఏమోయ్, గ్యారేజీ భలే ఖాళీ చేశావే!"

"రేపు విందు కదా."

"అదృష్టవంతుడివి. మా కొట్టం కప్పు కారుతోంది. గుడారం నానిపోతోంది పాపం. ఏం చేస్తాం, పోతే పోతుంది."

మా ఊళ్ళో ఎవరూ నోరు తెరిచి సాయం అడగరు. కష్టం చెప్పుకుని ఆకాశం వంక చూస్తారు. విన్నవాడు సాయం చేస్తాననాలి, చెప్పినవాడు రెండుసార్లు వద్దనాలి. మూడోసారి కూడా చేస్తానంటే అది మనస్ఫూర్తిగా అన్నట్టు, ఒప్పుకోవాలి. తెలివైనవాళ్ళు రెండోసారి దగ్గర ఆగిపోతారు. మర్యాద దక్కుతుంది, చోటూ మిగులుతుంది. వెర్లిన్‌కి ఆ ఆగడమే చేతకాదు.

"మా గ్యారేజీలో పెట్టకూడదూ?"

"అబ్బే, ఎందుకులే."

"పర్లేదు, పెట్టు."

"విందు పెట్టుకుని నీకెందుకయ్యా ఈ గోల?"

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

"అదేం మాట! తీసుకురా!"

"సరే, నువ్వింతగా అంటున్నావు గనక."

ఎదురింటాయన ఓర్లో ఇక్కడ రెండు గుడారాలు చూసి, వెర్లిన్ వీధివాళ్ళందరివీ దాచిపెడుతున్నాడనుకున్నాడు. పదింటికి తనదీ ఈడ్చుకొచ్చాడు. అతగాడు ఎరలమ్మే కొట్టుకెళ్ళి చెప్పాడు. ఇక చెప్పేదేముంది, మధ్యాహ్నానికి గ్యారేజీలో ఆరు గుడారాలు, చచ్చిన చేపల కంపు.

ఆర్లిస్ చర్చి నుంచి అరువు తెచ్చిన బల్లలతో తిరిగొచ్చి, కారు దిగుతూనే ముక్కు మూసుకుంది.

"ఏమయ్యా! సరస్సు మొత్తం ఇంటికి మోసుకొచ్చావా?"

"వాళ్ళు వద్దనే అన్నారు, ఆర్లిస్. ఒక్కొక్కరూ రెండేసి సార్లన్నారు."

"మరి అప్పుడు నోరు మూసుకోలేకపోయావా?"

"బాగుండదు కదా."

"బాగుండదా! రేపు ఎనభై మందీ ఎక్కడ కూర్చుంటారు, నీ నెత్తి మీదా? పో, ఎవరిది వాళ్ళని తీసుకుపొమ్మను!"

చెప్పడానికే వెళ్ళాడు పాపం. అరగంటకి గేలార్డ్ గుడారంలో చలి కాచుకునే పొయ్యి కూడా మోసుకుంటూ తిరిగొచ్చాడు.

ఆదివారం తెల్లారేసరికి చలివాన. పైగా గుడారాలు దాచుకున్న ఐదిళ్ళవాళ్ళూ మొహమాటపడి చుట్టాలతో సహా బయల్దేరారు. ఎనభై కాస్తా నూట ఇరవై అయింది. ఆర్లిస్ బన్నుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడింది.

"బిడ్డకి బతుకులో ఒక్కసారి వచ్చే పండగయ్యా ఇది," అంది. కళ్ళు తుడుచుకుంది.

వెర్లిన్‌కి ప్రాణం చివుక్కుమంది. గుడారాలన్నీ వాకిట్లోకి లాగి వరసగా నిలబెట్టాడు. గేలార్డ్ దాంట్లోంచి ఎలుకల సంసారం ఒకటి పిల్లాపాపలతో లేచిపోయింది. అన్నిటినీ దులిపి, వాటిలోని బకెట్లు బోర్లించి పీటలు చేసి, పొయ్యిలు వెలిగించాడు. ఖాళీ అయిన గ్యారేజీలో బల్లలు పరిచాడు.

మా వాళ్ళకి విందుల్లో ఏం మాట్లాడాలో తెలీదు. ఎప్పుడెప్పుడు పోదామా అని చూస్తుంటారు. కానీ గుడారంలో ఎలా కూర్చోవాలో పుట్టుకతో తెలుసు. పందిమాంసం పెట్టిన బన్ను చేత్తో పట్టుకుని, బకెట్ మీద కూర్చుని, మంచులో కన్నం ఉండాల్సిన చోట నేలకేసి చూస్తూ హాయిగా ఉండిపోయారు. సాయంత్రం దాకా ఒక్కరూ లేవలేదు. బ్రిట్టా ఆరు గుడారాలూ తిరిగి తిరిగి నవ్వుతూనే ఉంది.

వెళ్ళేముందు వానెట్టా వచ్చి ఆర్లిస్ చెయ్యి పట్టుకుంది.

"పర్లేదమ్మాయ్, బాగానే జరిగింది."

మా ఊళ్ళో అంతకు మించిన పొగడ్త లేదు. ఆర్లిస్ మొహం వెలిగిపోయింది. వానెట్టా ఆకాశం వంక చూసింది.

"మా గుడారమూ ఉంది. ఏ మూలో కుళ్ళుతోంది. ఏం చేస్తాం!"

"మా ఇంట్లో పెట్టక్కా!"

"అబ్బే, నీకెందుకు శ్రమ."

"శ్రమేముందీ, పంపించు!"

"వద్దులేవే, ఇప్పటికే ఆరున్నాయి."

వానెట్టా వెనక నిలబడి వెర్లిన్ రెండు వేళ్ళు పైకెత్తి, తల అడ్డంగా ఊపుతూ బతిమాలుకున్నాడు. ఆర్లిస్ చూసింది. చూసి కూడా,

"అదేం మాటక్కా! నువ్వు పంపించి తీరాలి!" అంది.

సోమవారం పొద్దున్నే గుడారం వచ్చింది. తడిగానే ఉంది.