లాక్ ఉన్నవారికి లిఫ్టు పక్కన

ప్రతి వాహనానికీ దాని డిఫరెన్షియల్‌ను బట్టే గౌరవం దక్కాలన్న చరిత్రాత్మక తీర్మానాన్ని కోకాపేటలోని మా టవర్ సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. అదేమిటో ఎవరికీ తెలియదు, అడగడానికి అందరికీ సిగ్గు. అందుకే ఏకగ్రీవం!

అధ్యక్షుడు మధుసూదన్ గారు దయతలచి వివరించారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. దేని వేగం దానికి ఇచ్చే పళ్లచక్రాల పెట్టె పేరే డిఫరెన్షియల్. మామూలు రకంలో ఒక చక్రం బురదలో జారిందా, బలమంతా ఆ జారేదానికే పోతుంది. గట్టినేల మీదున్నది ఊరికే నిలబడుతుంది. మా సంఘం నడిచేదీ అలాగే గనుక నాకు చప్పున అర్థమైంది. లిమిటెడ్ స్లిప్ అనే రకం ఆ జారుడును కొంత పట్టి ఉంచి, రెండోదానికీ కాస్త బలం పంపుతుంది. లాకింగ్ రకంలో లాక్ వేస్తే రెండూ ఒక్కటై తిరుగుతాయి. గట్టినేల చేరాక తీసెయ్యాలి, లేదంటే బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది.

పార్కింగ్‌లో మామూలువి కింది బేస్‌మెంట్‌కు, లిమిటెడ్ స్లిప్‌వి పై బేస్‌మెంట్‌కు, లాకింగ్‌వి లిఫ్టు పక్కకు. ఇదీ తీర్మానం.

లిఫ్టు పక్కన ఆయన కొత్త కారుంది. దాని పక్కన నా పాత ట్రాక్టరుంది. టవర్ లేచిన నేల మాదే, ఫ్లాటుతో పాటు ఆ జాగా నాకొచ్చింది. ఆయన చుట్టాలు కారుకంటే ముందు ట్రాక్టర్నే చూస్తున్నారని ఆయన బాధ.

"ఏమనుకోకండి ఐలయ్య గారూ, రూల్ అందరికీ ఒకటే," అన్నారు.

పాత ట్రాక్టర్ మామూలుదే అని ఆయన లెక్క. కింది బేస్‌మెంట్‌లో దానికి ఎత్తు చాలదు. అక్కడికి పొమ్మంటే అమ్ముకోవాల్సిందే. పొలం పోయాక మా ఇంట్లో మిగిలిన పొలం అదొక్కటే.

"మంచిది సారూ," అన్నాను.

తెల్లారేసరికి టవర్‌లో ప్రతి బండికీ లాక్ మొలిచింది. చిన్న కార్లవాళ్లు కూడా మాది లాకింగే అన్నారు. కార్యదర్శి బ్లెస్సీ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. పరీక్షించకుండా దేన్నీ నమ్మదు. వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, ఒకటి చేత్తో తిప్పాలంది. రెండోది ఎదురు తిరిగితే మామూలుది, అటే తిరిగితే లాక్ పడినట్టు. అధ్యక్షుల కారుతోనే శ్రీకారం చుట్టింది.

మధుసూదన్ గారు కారులో లాక్ బటన్ నొక్కారు. తెర మీద దీపం వెలిగింది. బ్లెస్సీ ఎడమ చక్రం ముందుకు తిప్పింది. కుడి చక్రం నింపాదిగా వెనక్కి తిరిగింది.

"సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాలేదు," అన్నారాయన. చుట్టూ ఉన్న ఇంజినీర్లందరూ గౌరవంగా తలలూపారు.

మిగతా కార్లలోనూ ఒక్కదానికీ లాక్ తేలలేదు. చివరికి నా ట్రాక్టర్ మిగిలింది. దీన్ని కూడా చూడాలా అని ఆయన విసుక్కున్నారు.

"రూల్ అందరికీ ఒకటే కద సార్," అంది బ్లెస్సీ.

లారీ జాకీలు తెప్పించారు. నేను సీటెక్కి లాక్ పెడల్ తొక్కిపట్టాను. ఆమె, వాచ్‌మన్ కలిసి ఒక చక్రం తోశారు. రెండోదీ అటే తిరిగింది.

"ఏంది పెద్దాయనా, లాక్ ఉందని ముందే చెప్పొద్దా?"

"ఎవరడిగిండ్రమ్మా?"

ఆయన తీర్మానం ప్రకారమే ఆయన కారు కింది బేస్‌మెంట్‌కు దిగింది. ఆ ఆదివారం ఆయనింటికి చుట్టాలొచ్చారు. ఆయన వాళ్లను నేరుగా నా ట్రాక్టర్ దగ్గరికి తీసుకొచ్చి, బానెట్ మీద చెయ్యి వేశారు. టవర్ మొత్తానికి అసలైన లాకింగ్ ఇదొక్కటే, మట్టిని మరిచిపోకూడదని మేమే పట్టుబట్టి ఇక్కడ పెట్టించాం అని చెప్పారు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చారు.

"ఒక ఫొటో తీయండి ఐలయ్య గారూ. ట్రాక్టర్ మొత్తం రావాలి."

చెప్పినట్టే తీశాను. ట్రాక్టర్ మొత్తం వచ్చింది. ఆయనే సగం వచ్చారు.