నెట్టుకొచ్చిన బండి

ఆ రోజు పొద్దున క్లాజు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా బండి తీయాలి, తొమ్మిదికి ఆఫీసు చేరాలి, పదకొండింటికి హెడ్డాఫీసు నుంచి పెద్ద మేడమ్ తనిఖీకి వచ్చేలోగా ఫైళ్ళన్నీ దుమ్ము దులిపి వరసగా పెట్టాలి. అంతకంటే పెద్ద కోరికలేవీ ఆయనకు లేవు.

క్లాజు గారన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆయన వాహనాల ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలించే అధికారి. కాలు విరిగిందనో, బండి నుజ్జయిందనో ఎవరైనా కాగితాలు పట్టుకుని ఏడుపు మొహంతో వస్తే, కళ్ళజోడు సర్దుకుని, "ముందు ఏడో క్లాజు చదివారా?" అంటారు. అందుకని ఆఫీసులో అందరూ ఆ పేరే ఖాయం చేశారు. ఆయన ఎదుట అనరు లెండి. ఎదుట అనే ధైర్యం ఆయన భార్య ఒక్కర్తెకే ఉంది.

బండి తుడిచే గుడ్డ కోసం సీటు కింద చెయ్యి పెడితే పాలసీ కాగితం చేతికొచ్చింది. అలవాటు కొద్దీ తేదీ చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. గడువు నిన్న అర్ధరాత్రితో తీరిపోయింది.

"ఏమండీ, బండి కాగితాలు ఈ నెలతో అయిపోతాయేమో చూసుకోండి" అని భార్య మూడుసార్లు గుర్తుచేసింది. మూడుసార్లూ ఆయన, "ఎవరికి చెప్తున్నావో తెలుసా?" అన్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటే ఇదే.

ఆయన భయానికి కారణం భార్య ఒక్కతే కాదు. క్లెయిముల సీట్లో కూర్చున్నవాడి సొంత బండికి పాలసీ ఒక్కరోజు కూడా తెగకూడదు. తెగితే సీటు పోయి నేలమాళిగలోని రికార్డు గదికి బదిలీ. అక్కడికి వెళ్ళినవాళ్ళు రిటైరయ్యే రోజునే మళ్ళీ వెలుగు చూస్తారని ప్రతీతి. పెద్ద మేడమ్ మొదట సిబ్బంది కాగితాలు చూసి, ఆ తరవాతే జనం అప్పీళ్ళు వింటారు.

బయటపడే దారి ఒక్కటే ఉంది, అది ఆయనే వేసింది. గడువు దాటిన బండిని ఆఫీసుకు తెచ్చి చూపిస్తేనే కొత్త పాలసీ ఇస్తారు. కానీ గడువు దాటిన బండిని రోడ్డు మీద నడపకూడదు. "మరి ఎలా తేవాలండీ, నెత్తిన పెట్టుకునా?" అని ఎవరో అడిగితే, క్లాజు గారు ఒక రాత్రంతా ఆలోచించి కొత్త క్లాజు రాశారు: వారం లోపల బండిని నెట్టుకుని వస్తే పాలసీ తెగనట్టే లెక్క, దారిలో ఏం జరిగినా పాతదే వర్తిస్తుంది. ఆ క్లాజంటే ఆయనకు కన్నబిడ్డంత ముద్దు. నాలుగు కిలోమీటర్లు బండి నెట్టడమంటే ఏమిటో మాత్రం ఆ రాత్రి ఆలోచనకు రాలేదు.

భార్య స్నానాల గదిలో ఉండగా, చప్పుడు కాకుండా గేటు తీసి, బండిని దొంగలా బయటికి నెట్టారు. హెల్మెట్ పెట్టుకుని, దాని నల్లటి అద్దం మొహం మీదికి దించుకున్నారు. తెలిసినవాళ్ళెవరూ గుర్తుపట్టకపోతే చాలు, దేవుడా, అనుకున్నారు.

రెండో కూడలి దగ్గర ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం మాస్టారూ, పెట్రోలు అయిపోయిందా?"

"ఆఁ... అవునండీ, అయిపోయింది."

"అదెంత పని! ఎక్కి కూర్చోండి. వెనకొచ్చే బండివాణ్ణి ఎవణ్ణయినా ఆపి కాలితో తోయిస్తా. చిటికెలో బంకులో ఉంటారు."

క్లాజు గారు హ్యాండిలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. ఇంజను ఆగి ఉన్నా సరే, మనిషి సీటు మీద ఉండి చక్రం తిరిగితే నడిపినట్టే అని పోయినేడాది ఆయనే తేల్చిపారేశారు. "వద్దండీ. నేను ఎక్కను."

"ఎందుకెక్కరు?"

"నడుం నొప్పి. డాక్టరు బండెక్కొద్దన్నాడు."

"నెట్టమన్నాడా?" పోలీసు దగ్గరకొచ్చి ఎగాదిగా చూశాడు. "నా సర్వీసులో హెల్మెట్ లేకుండా బండెక్కినవాళ్ళని వేలమందిని చూశా. హెల్మెట్ పెట్టుకుని నడిచేవాణ్ణి ఇదే చూడటం. ఏదీ, ఆ అద్దం పైకెత్తండి, మొహం చూద్దాం."

అదే సమయానికి కూడలి నడుమ రెండు లారీలు ఎదురెదురుగా వచ్చి ఇరుక్కుని హారన్లు మోగించాయి. పోలీసు అటు పరిగెత్తాడు. క్లాజు గారు ఇటు సందులోకి పరిగెత్తారు, బండితో సహా. ఏ నేరమూ చేయని మనిషి నేరస్తుడిలా ఎందుకు పారిపోవాలో ఆయనకే తెలియదు. కాళ్ళు ఆయన్ని అడిగి పరిగెత్తలేదు.

సందు దాటాక రోడ్డు ఎత్తు మొదలైంది. పది అడుగులు ఎక్కితే రెండు అడుగులు వెనక్కి జారుతోంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. టైము పది దాటింది. ఇంక నా వల్ల కాదు అనుకుంటుండగా బండి ఉన్నట్టుండి తేలికైంది.

"తోయండి, తోయండి. నేను పట్టాగా!" అంది వెనక నుంచి ఒక గొంతు.

తిరిగి చూస్తే, భుజాన పనిముట్ల సంచీతో, ఒక కాలు కుంటుతున్న మనిషి బండిని వెనక నుంచి తోస్తున్నాడు. క్లాజు గారు చప్పున మొహం తిప్పేసుకున్నారు. అతను వడ్రంగి. నాలుగు నెలల కింద ఆయన తిరస్కరించిన క్లెయిము అతనిదే. ఇవాళ మేడమ్ ముందుకు రాబోయే అప్పీలూ అతనిదే.

"ఇన్సూరెన్సు ఆఫీసుకేనా?" అన్నాడు వడ్రంగి.

"మీకెలా తెలుసు?" అన్నారు క్లాజు గారు, గొంతు సన్నగా మార్చి.

"బంకు అటుంటే మీరు ఇటు పోతున్నారు. మెకానిక్కు షాపు ముందు నుంచే వచ్చారు, ఆగలేదు. ఇంక ఇలా నెట్టేది గడువు దాటినవాడే. నేనూ ఇదే రోడ్డు మీద నెట్టానుగా! మలుపులో వ్యాను వచ్చి గుద్దింది. బండి పచ్చడి, కాలు రెండుచోట్ల విరిగింది. తలకి హెల్మెట్ ఉంది కాబట్టి ఇట్లా మీతో మాట్లాడుతున్నా."

"నెట్టేటప్పుడు హెల్మెట్ ఎందుకు పెట్టుకున్నారు?" క్లాజు గారి నోరు ఊరుకోలేదు. ఆ రోజు కౌంటరులో వేసిన ప్రశ్నా ఇదే.

"ఆఫీసులో ఆ సారూ ఇదే అడిగాడండీ! రెండు చేతులూ బండి మీదుంటే హెల్మెట్ ఎక్కడ పెట్టుకుంటాం? హ్యాండిలుకి తగిలిస్తే మోకాలికి కొట్టుకుంటది. నెత్తి మీదే పెట్టుకుంటాం. ఎంత చెప్పినా వినలేదు. హెల్మెట్ ఉందంటే నడిపినట్టే అని రాసేశాడు." వడ్రంగి ఊపిరి తీసుకున్నాడు. "చెడ్డవాడు కాదనుకుంటానండీ. ఎప్పుడూ నెట్టి ఉండడు, అంతే."

హెల్మెట్ లోపల క్లాజు గారి చెవులు కాలిపోయాయి. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు ఆయనకు అలవాటే.

"మీ కాలు నొప్పెడుతుంది, వదిలేయండి" అన్నారు మెల్లగా.

"ఒక్కడే నెట్టడం ఎంత నరకమో నాకు తెలుసు. పదండి."

జేబులో ఫోను మోగుతూనే ఉంది. చెయ్యి తీస్తే బండి ఒరుగుతుంది. తీయలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నెట్టుకుపోయారు.

ఆ ఫోనులో ఏముందో తరవాత తెలిసింది. రోజూ ఆయన బండి స్టార్టు చేస్తే వీధి చివర పసిపిల్లలు కూడా లేచి ఏడుస్తారు. ఆ రోజు భార్యకు ఏ చప్పుడూ వినిపించలేదు. బయటికొస్తే బండి లేదు. చప్పుడు లేదంటే ఆయన తీయలేదు, ఆయన తీయలేదంటే ఎవడో ఎత్తుకెళ్ళాడు, ఆయన బస్సులో పోయి ఉంటారు. ఆమె లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. "బండి పోతే గంటలోపు ఆఫీసుకి చెప్పాలి, లేకపోతే క్లెయిము గోవిందా" అని ఇరవై ఏళ్ళుగా నూరిపోసింది ఆయనే. మొగుడికి ఆరుసార్లు ఫోను చేసి, ఎత్తకపోయేసరికి ఆఫీసుకు చేసి, ఆపైన తానే బయలుదేరి వచ్చింది. ఆఫీసువాళ్ళు పోలీసులకు చెప్పారు. విచారణకు వచ్చింది కూడలి దగ్గరి పోలీసే. బండి పోయిందనగానే, పొద్దున తన చేతికి చిక్కకుండా పారిపోయిన నల్ల అద్దం మనిషి పనే అయ్యుంటుందని తానే వస్తానన్నాడట.

ఆ విధంగా, పదకొండుకు పావుగంట తక్కువగా క్లాజు గారూ వడ్రంగీ బండిని ఆఫీసు గేటులోకి నెట్టేసరికి, ఎదురుగా ముగ్గురున్నారు: పోలీసు, వాచ్‌మన్, భార్య.

"అదిగో మా బండి!" అని అరిచింది భార్య. "అయ్యో, చొక్కా కూడా ఆయనదే! తీగ మీద ఆరేసింది!" అంతలో రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "బండీ ఆయనదే, చొక్కా ఆయనదే, మరి ఆయనేరీ? మా ఆయన్నేం చేశార్రా?"

పోలీసు ఒక్క అంగలో వచ్చి, దగ్గరగా ఉన్న వడ్రంగి మెడ పట్టుకున్నాడు. సంచీ లాగి బోర్లించాడు. ఉలి, రంపం, స్క్రూడ్రైవర్లు గలగలా నేల మీద పడ్డాయి. "తాళాలు విప్పే సరంజామా అంతా ఉంది! వీడు ముఠా మనిషి!"

"నేను వడ్రంగినండీ! దారిలో పాపమని తోశాను. ఈయనెవరో కూడా నాకు తెలీదు!"

అందరి కళ్ళూ ఆ సంచీ మీదే ఉన్నాయి. సిబ్బంది వెళ్ళే పక్క తలుపు క్లాజు గారికి రెండడుగుల దూరంలో ఉంది. లోపలికి జారుకుని, హెల్మెట్ బీరువాలో పడేసి, సీట్లో కూర్చుని, "ఏమిటా గొడవ?" అనొచ్చు. నిజం చెప్పాలంటే ఒక అడుగు వేశారు కూడా. అప్పుడు వడ్రంగి కుంటి కాలు మడతపడి మోకాలు నేలకు తగిలింది. ఆ కాలుతోనే అతను ఆయన బండిని ఎత్తు ఎక్కించాడు. క్లాజు గారికి తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి హెల్మెట్ తీసేశారు.

"వదలండి. దొంగ లేడు, దొంగతనం లేదు. బండి నాదే. గడువు దాటింది. నెట్టుకొచ్చాను."

"మీరా!" అంది భార్య. కళ్ళు తుడుచుకుంది, ఆ వెంటనే గొంతు పెంచింది. "మూడుసార్లు చెప్పానా లేదా?"

వడ్రంగి ఆయన మొహం చూశాడు. ఉలి తీసి పంచెకు తుడిచి సంచీలో వేసుకున్నాడు. ఆ చూపు కంటే పోలీసు లాఠీ నయమనిపించింది.

మెట్ల మీద ఎవరో దగ్గారు. పెద్ద మేడమ్ పావుగంట ముందే వచ్చి, అంతా చూస్తూ నిలబడ్డారు.

అయిదు నిమిషాల తరవాత అందరూ ఆవిడ గదిలో ఉన్నారు. మేడమ్ ఆ రోజు వరస మార్చి మొదట వడ్రంగి ఫైలు తెరిచారు. "'హెల్మెట్ ధరించియుండుటచే వాహనమును నడిపినట్లు స్పష్టము. బుద్ధియున్నవాడెవడును నాలుగు కిలోమీటర్లు వాహనమును నెట్టుకొని రాడు.' ఇది ఎవరు రాశారు?"

"నేనేనండీ."

"ఇందాక మీ తల మీదా హెల్మెట్ చూశాను. రాస్తే ఇద్దరూ నడిపారని రాయాలి, లేదా ఇద్దరూ నెట్టారని రాయాలి. ఏది రాయమంటారు?"

క్లాజు గారు కలం తీశారు. ఫైలు తన వైపు తిప్పుకుని, తన వాక్యాన్ని తానే కొట్టేసి, కింద 'పరిశీలనలో పొరపాటు నాది, క్లెయిము మంజూరు చేయవలెను' అని రాసి సంతకం పెట్టారు.

"ఆయన అప్పీలు అయిపోయింది" అన్నారు మేడమ్ ఆ పక్కన తన సంతకం పెడుతూ. "మీ బండికి సాక్షి కావాలి. లేకపోతే కింద రికార్డు గది ఖాళీగా ఉంది."

మొదటి సగం దారికి పోలీసు అక్కడికక్కడే సాక్ష్యమిచ్చాడు. "ఎక్కమని బతిమాలినా ఎక్కలేదు మేడమ్. అందుకేగా అనుమానం వచ్చింది!" మిగిలింది రెండో సగం. అందరూ వడ్రంగి వైపు చూశారు. అతని పని జరిగిపోయింది. ఇంక ఎవరికీ అతను మొహమాటపడాల్సిన అవసరం లేదు.

"చెప్పండి" అన్నారు మేడమ్ కలం ఎత్తి. "ఈయన బుద్ధి ఉండే మిగతా దూరమంతా బండి నెట్టుకొచ్చారని మీరు సాక్ష్యం చెప్పగలరా?"

వడ్రంగి సంచీ కింద పెట్టాడు. కాలు చాపుకుని, మోకాలు రాసుకున్నాడు.

"నెట్టడం మటుకు కళ్ళారా చూశానండీ, రాసుకోండి. బుద్ధి సంగతి నన్ను అడక్కండి."