పీతలకు దారి, నాకు మెడల్

అయ్యలారా, అమ్మలారా! రోడ్డు మూసెయ్యడమంత గొప్ప వరం ఈ భూమ్మీద మరొకటి లేదు. నవ్వకండి!

మా దీవికి ఉన్నదే ఒక్క రోడ్డు. ఏటా తొలి వానలు పడగానే కొండ మీది నల్లపీతలు, అన్నీ ఆడవే, గుడ్లు మోసుకుంటూ సముద్రానికి దిగుతాయి. అవి దిగినన్నాళ్ళూ ఊరివాళ్ళు రోజూ మధ్యాహ్నం నుంచి రోడ్డుకు అడ్డంగా తాడు కడతారు. కారు లేదు, స్కూటర్ లేదు.

ఎంత హాయి! ఓట్లడిగేవాడు రాలేడు. మా బావమరిది గిటారుతో రాలేడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే దారి లేక నా పుచ్చుపన్ను దానంతటదే ఊడిపోయింది. ఏ ప్రభుత్వ పథకంలో ఉన్నాయండీ ఇన్ని లాభాలు?

ఈ తాడును మెచ్చుకుంటూ మా దీవి పత్రికలో పదకొండు వ్యాసాలు రాశాను, ఫ్యాన్ కింద కూర్చుని. తాడు దగ్గరికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. దూరం నుంచి చూస్తేనే కదా విషయం విశాలంగా కనిపించేది!

దాంతో రాజధాని నుంచి వచ్చిన ఓ సంరక్షణ సంఘంవారు నాకు 'తీరమిత్ర' బిరుదు ప్రకటించారు. సన్మానం సాయంత్రం ఐదింటికి, దీవి అవతలి కొసనున్న అతిథిగృహంలో. ఇస్త్రీ చేసిన తెల్లసూటు వేసుకుని నాలుగింటికి స్కూటరెక్కాను. వాన మొదలైంది. మలుపు తిరిగేసరికి తాడు!

తాడు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఓర్లిండా ఆంటీ. డెబ్బయ్యేళ్ళ మనిషి. పదహారేళ్ళ కిందట చక్రాల కింద పీతలు నలిగి రోడ్డంతా జారుతుంటే చూడలేక, బట్టలారేసుకునే తాడు తెచ్చి కట్టింది ఆవిడే. తర్వాత ఊరంతా ఆవిడ వెనక చేరింది.

"ఎక్కడికిరా అల్బానూ, పెళ్ళికొడుకులా?"

"సన్మానం ఆంటీ, నాకే. పీతల్ని కాపాడినందుకు."

నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏ పీతనిరా?"

"అంటే... మొత్తంగా, ఆంటీ. ఒక్క నిమిషం తాడెత్తరాదూ? దీని గురించి పదకొండు వ్యాసాలు రాసింది నేనే!"

"అయితే రూలు నీకే బాగా తెలియాలి. స్కూటర్ ఆ గోడవారన పెట్టు. ఇదిగో చీపురు. ముందు ఊడ్చుకో, తర్వాత అడుగెయ్యి."

మూడు కిలోమీటర్లు! తెల్లసూటులో, వానలో, చీపురుతో. నాకు ముందు బేకరీ మార్వా, బస్సు డ్రైవర్ విన్‌స్లో పీతల్ని సముద్రం వైపు నెమ్మదిగా తోస్తున్నారు. నేను ఒక్క ఊపు ఊపాను. నాలుగు పీతలు వెల్లకిలా పడ్డాయి.

"మెల్లిగా, మాస్టారూ!" అని అరిచాడు విన్‌స్లో. "అవి పీతలు, మీ వ్యాసాల్లో కామాలు, ఫుల్‌స్టాపులు కావు!"

వంగి, ఒక్కొక్కదాన్నే తిరగేశాను. ఒకదాని కడుపు కింద గసగసాల్లా గుడ్లు, వేలకు వేలు. పదకొండు వ్యాసాలు రాశాక వాటిని మొదటిసారి చూడటం! వానలో అలాగే నిలబడిపోయాను. రాయడానికి ఒక్క మాటా తట్టలేదు.

ఏడింటికి చేరాను. అతిథులు పడవలో హాయిగా వచ్చి కూర్చున్నారు. నా బురద సూటు చూసి, కార్యక్రమంలో భాగమేమో అనుకుని చప్పట్లు కొట్టారు. మెళ్ళో మెడల్ వేశారు. ఆ వెంటనే ప్లేటు వచ్చింది. కొబ్బరిపాలలో వండి, చిప్పలోనే కూరిన పీత!

"ఈ నెల పట్టకూడదు కదండీ?" అన్నాను.

"అది ఊరివాళ్ళకండీ. మనం అతిథులం!" అన్నాడు సంఘం అధ్యక్షుడు. "తీరమిత్రగారు ముందు రుచి చూడాలి."

లేచి నిప్పులు కురిపించానని రాయాలని నాకూ ఉంది. కానీ ఆకలేస్తోంది. మెడల్ కూడా బరువుగా ఉంది. మూడు తిన్నాను.

మర్నాడు స్కూటర్ కోసం తాడు దగ్గరికి వెళ్ళాను.

"ఏం పెట్టారురా?" అంది ఓర్లిండా ఆంటీ.

కోడి అందామనుకున్నాను. నోరు "పీత" అనేసింది. "మూడు" అని లెక్క కూడా చెప్పేసింది.

చుట్టూ చీపుర్లు ఆగాయి.

"గుడ్లతోనా?"

నేను స్కూటర్ అద్దం తుడుస్తూ ఉండిపోయాను. తిట్టి ఉంటే బాగుండేది, పన్నెండో వ్యాసం రాసుకునేవాణ్ణి. తిట్టలేదు. లేచి, ఇంట్లోంచి ఇంకో తాడు తెచ్చింది.

అది ఇప్పుడు అతిథిగృహం వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉంది. ఎదురుగా ఆరు కుర్చీలు, వంతులవారీగా ఊరివాళ్ళు. వంటావిడ మొదటి రోజు తిట్టింది, రెండో రోజు కాఫీ పోసింది, మూడో రోజు నుంచి చేపే వండుతోంది. సంఘంవారు నాకు ఫోన్ చేశారు. "తీరమిత్రగా మీరే వాళ్ళకి నచ్చజెప్పాలండీ."

"తీరిక లేదండీ" అన్నాను. నిజమే, వంతు నాదే నడుస్తోంది.

నాకిచ్చిన కుర్చీకి ఒక కాలు లేదు. ఇదేమిటి ఆంటీ అని అడిగాను.

"మూడు తిన్నావు కదరా," అంది. "మూడు కాళ్ళు చాలు."