సింహం అనే బురదపిల్లికి వారసుడు

వాసంశెట్టి జనార్దన్ తన పద్నాలుగో ఏట పట్టుకున్న బురదపిల్లిని వెనక్కి తీసుకోవాలంటే, ఆ పద్నాలుగేళ్ళ జనార్దన్ చనిపోయినట్టు మరణ ధ్రువీకరణ పత్రం తేవాలని వీడియోగేమ్ లోపలి వైద్యశాల కౌంటర్లో ఉన్నావిడ మర్యాదగా చెప్పింది. గడువు నెలాఖరు. ఆలోగా వారసులెవరూ రాకపోతే పిల్లిని నిబంధనల ప్రకారం ఊరవతల గడ్డిలో వదిలేస్తారు. గడ్డిలోకి వెళ్ళిన పిల్లి మళ్ళీ దొరకదు.

ఫ్లాటుకు రంగులు వేయిద్దామని అటక ఖాళీ చేస్తుంటే, చిన్నాన్న ఎప్పుడో మస్కట్ నుంచి తెచ్చిన అరచేతి గేమ్ బయటపడింది. అడవుల్లో, గుట్టల్లో తిరిగి వింత జీవుల్ని పట్టుకుని, పెంచి, పోటీలకు దింపే ఆట అది. ఆ రోజుల్లో పిల్లలకు అన్నం కూడా సహించనిచ్చేది కాదు. జనార్దన్ రెండు బ్యాటరీలు వేసి మీట నొక్కాడు. కొనసాగిస్తారా అని తెర అడిగింది. అవునని నొక్కేసరికి లోపల, పట్టుకున్న జీవుల్ని అప్పగించి ఉంచే వైద్యశాలలో కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద లుంగీ, బనీను. లుంగీతో లోపలికి రాకూడదన్న నిబంధన లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

అతనికి కావలసింది సింహం. సింహమంటే పిల్లే. ఒళ్ళంతా బురద, కోపమొస్తే ఎదుటివాళ్ళ మీద చిమ్ముతుంది. ఆట మొదట్లోనే దొరికిన జీవి అది. పేరు పెట్టింది జనార్దనే, ఆ వయసులో అతనికి వినయం తక్కువ. మిగతా నూట నలభై జీవులూ ఏమైపోయినా అతనికి పట్టదు. కానీ తొమ్మిదో తరగతి చదివిన ఆ ఏడాది ఇంట్లోగానీ బళ్ళోగానీ అతని మాట విన్న ప్రాణి అదొక్కటే. ఆ తర్వాత కూడా ఎవరూ పెద్దగా వినలేదు. అందుకే అది కావాలి.

తన పిల్లిని తాను తీసుకోవడానికి వారసుడెందుకని జనార్దన్ అడిగాడు. గుర్తింపు పరీక్ష పెడతాను, నెగ్గితే పత్రాలేవీ అక్కర్లేదని ఆవిడ రికార్డు తెరిచింది. రెండు వందల పదకొండు గంటల ఆటలో యజమాని ఎనిమిది ఊళ్ళు తిరిగాడు. కనిపించిన ప్రతి ఇంట్లోకీ పిలవకుండానే వెళ్ళి అందరినీ పలకరించాడు. ఒక్క బోర్డు చదవకుండా వదల్లేదు, ఒక్క రాయి కదపకుండా వదల్లేదు. రాతికోట నాయకురాలి చేతిలో పంతొమ్మిదిసార్లు చిత్తుగా ఓడి ఇరవయ్యోసారి కూడా వెళ్ళాడు.

"మీ ఎదురింటివాళ్ళ పేరేంటండీ?" అని అడిగింది.

"మూడు వందల నాలుగండి."

"తెలియని దారిలో చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"మెయిన్ రోడ్డు తవ్వేసినప్పుడండి. పోలీసులు అటు మళ్ళించారు."

"ఓడిపోయిన చోటికి మళ్ళీ ఎన్నిసార్లు వెళ్ళారు?"

"డిపార్ట్‌మెంట్ టెస్టు ఒకసారి పోయిందండి. ఇంక రాయలేదు."

ఆవిడ మూడు చోట్లా ఇంటూ పెట్టింది. "మీరు బతికే ఉన్నారండి, అందులో అనుమానం లేదు. కానీ వారు మీరు కారు. వారసుడిగా అయితే తీసుకెళ్ళొచ్చు," అని ఫారం ఇచ్చింది. ఆ మాటకు జనార్దన్‌కు కోపం రావాలి. రాలేదు. ఫారంలో గళ్ళు పద్ధతిగా ఉన్నాయి, రాసుకోవడానికి చోటు బాగా వదిలారు అనుకున్నాడు.

మరణ పత్రం తేవడం అతనికి కష్టం కాకూడదు. సోమేశ్వరపేట పురపాలక కార్యాలయంలో జనన మరణాల కిటికీ వెనక పదకొండేళ్ళుగా కూర్చుంటున్నది అతనే. మర్నాడు కిటికీ బయట నిలబడి దరఖాస్తు లోపలికి పెట్టి, చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళి దాన్ని తీసుకుని చదివాడు. మరణించిన తేదీ రాయలేదు. తేదీ లేకుండా తీసుకోవడం కుదరదు, రేపు రండి అని అలవాటు కొద్దీ రాసి తిప్పి పంపాడు. మళ్ళీ బయటికి వెళ్ళి అందుకున్నాడు. ఈ మనిషితో జనం ఇన్నేళ్ళూ ఎలా వేగారో అని అతనికి మొట్టమొదటిసారి అనిపించింది.

సూపరింటెండెంట్ అనసూయ గారు ఫైలు చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఏడాది దాటిపోయింది కదా జనార్దన్, విచారణ ఉంటుంది. ఆ పిల్లాణ్ణి ఎరిగినవాళ్ళెవరైనా వచ్చి తేదీ చెప్పాలి. నేను నాది పంతొమ్మిదో ఏట పోయినట్టు వేయించుకున్నాను. ఒక వీణ విడిపించుకోవాల్సొచ్చింది."

"వాయిస్తున్నారా మేడం?"

"బీరువా పైన పెట్టాను. దుమ్ము పడకుండా కవరు కూడా కుట్టించాను."

ఆ పిల్లాణ్ణి బాగా ఎరిగినవాడు ముస్తఫా. రెండు గేములకూ మధ్య తీగ తగిలించి జీవుల్ని ఇచ్చిపుచ్చుకున్న స్నేహితుడు. ఇప్పుడు బైపాస్ పక్కన టైల్స్ కొట్టు నడుపుతున్నాడు. పదేళ్ళుగా జనార్దన్ ఆ కొట్టు ముందు నుంచే ఆఫీసుకు వెళుతున్నాడు గానీ ఏనాడూ బండి ఆపలేదు. ఆ సాయంత్రం ఆపాడు.

"వాడు పోయిన రోజు కావాలా?" అన్నాడు ముస్తఫా, చేతిలో టైలు గోడకు ఆనించి. "నాకు బాగా గుర్తుందిరా. పరీక్షల ముందు ఆదివారం. నీ సింహాన్ని ఒక్కరోజు నాకిత్తానన్నావు. రేపొత్తానన్నావు. సోమారం నేను తీగ పట్టుకుని అరుగు మీద కూచున్నాను, పొద్దుగూకేదాకా."

"సోమవారం ఏమైందిరా?"

"ఏమవుద్ది? ఏం అవలేదు. నువ్వు రాలేదంతే. మర్నాడు బళ్ళో కనపడి, ట్యూషనుందిరా అన్నావు."

"మరి నీది?"

"నాది పెళ్ళికి ముందే వేయించేశాను. అందరివీ అయిపోయాయి. నువ్వే లేటు."

జనార్దన్ ఎంత ఆలోచించినా ఆ సోమవారం గుర్తు రాలేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. గేమ్‌ని నాన్న లాక్కుని అటక మీద పడేశాడని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. భార్య సుచరితకు కూడా అదే చెప్పాడు, ఒకసారి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. పాపం ఆయనకు ఆ గేమ్ ఎలా ఆన్ చేస్తారో కూడా తెలియదు.

తేదీ గడిలో ఆ సోమవారం వేశాడు. మరణ కారణం దగ్గర 'ప్రత్యేకించి ఏమీ లేదు' అని రాశాడు. మృతునితో సంబంధం అన్నచోట 'నేనే' అని రాయబోతుంటే అనసూయ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అలా రాస్తే ఆడిట్లో పట్టుకుంటారయ్యా. ఇరవై మూడేళ్ళుగా మీ ఇద్దరికీ మాటల్లేవు. దూరపు బంధువు అని రాయి."

రాశాడు. పత్రం మీద తానే ముద్ర వేసి, ఆవిడ చేత సంతకం పెట్టించాడు. ఎందుకో ఒంట్లో బాగుండక ఒక్కరోజు సెలవు ఇప్పించమన్నాడు. దూరపు బంధువు పోతే సెలవు రాదని ఆవిడ చెప్పారు. అదీ నిజమేననుకుని సీట్లోకి వెళ్ళి, కిటికీ ముందు నిలబడ్డ వాళ్ళ కాగితాలు చూశాడు.

గడువుకు ఒక్కరోజు ముందు గేమ్ ఆన్ చేసి లోపలికి వెళ్ళాడు. ఈసారి ప్యాంటూ చొక్కా వేసుకున్నాడు. కౌంటర్ ఆవిడ పత్రం అటూ ఇటూ తిప్పి చూసి, ఆ పిల్లాడు పోయినందుకు తన సానుభూతి తెలిపింది. పిల్లి ఇష్టం కూడా కనుక్కోవాలని చెప్పి లోపలి గది తలుపు తీసింది.

సింహం వచ్చింది. ఏమీ మారలేదు. అదే మట్టి వాసన, అదే వంకర తోక. జనార్దన్ పేరు పెట్టి పిలిచి చెయ్యి చాపాడు. అది అతని చెయ్యి వాసన చూసింది, మోకాలి దగ్గర వాసన చూసింది. తర్వాత అతన్ని దాటి వెనక్కి వెళ్ళి, వీధి తలుపు వైపు తిరిగి కూర్చుంది. అతనితో పాటు ఇంకెవరో రావాలన్నట్టు అటే చూస్తోంది.

"అంగీకారం," అని రాసుకుంది ఆవిడ. "మళ్ళీ దయచేయండి."

ఇంట్లో సింహం వల్ల ఇబ్బందేమీ లేదు. గుమ్మం దగ్గర సుచరిత పాత దుప్పటి పరిచి, బురద కొత్త రంగులకు అంటకుండా చూసుకోమంది. కూర్చోమంటే కూర్చుంటుంది, రమ్మంటే వస్తుంది. అలవాటు ఒక్కటే. కాలింగ్ బెల్ మోగితే చాలు, లేచి వెళ్ళి తలుపు ముందు నిలబడుతుంది. తలుపు తీశాక వచ్చినవాళ్ళ ముఖం చూసి, వెనక్కి వచ్చి పడుకుంటుంది. వాడు పోయాడే, ఇంక రాడు అని జనార్దన్ రెండుసార్లు నచ్చజెప్పాడు. ఒకసారి ధ్రువీకరణ పత్రం తెచ్చి చూపించాడు కూడా. అది పత్రం వాసన చూసి ఊరుకుంది.

ఒక ఆదివారం పొద్దున్న బెల్ మోగింది. సింహం లేచింది. పేపరు పక్కన పెట్టి జనార్దన్ కూడా లేచాడు. లుంగీ సర్దుకుని, జుట్టు చేత్తో దువ్వుకుని, దాని పక్కనే నిలబడ్డాడు. సుచరిత ఇద్దరినీ చూసి తలుపు తీసింది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతను ఓటీపీ అడిగాడు. జనార్దన్ ఫోన్ చూసి నాలుగంకెలూ చెప్పాడు. తర్వాత ఇద్దరూ వెనక్కి వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.